లోగాలి

డ్రైవింగు మాస్టారు పోయిన రోజు తెల్లవారినప్పటి నుంచీ వాన. పెద్ద వాన కాదు. ఆగదు, పెరగదు, చప్పుడు కూడా చెయ్యదు. ఆ వానలోనే ఆయన రోజూలాగే గొడుగు ముడిచి వెనక సీట్లో పడేసి, కారు నెత్తిన ఉన్న పసుపు పలకని సరిచేసి, శిష్యురాలి పక్కన కూర్చున్నాడు. కాసేపటికి ఆ కారు గోదాముల వీధి మలుపులో రాతిగోడకి కొట్టుకుంది. ఆయన కూర్చున్న వైపే కొట్టుకుంది. స్టీరింగు పట్టుకున్న అమ్మాయికి మణికట్టు విరిగింది. ఆయన ఆస్పత్రికి చేరలేదు.

ఊళ్ళో సగం మందికి బండి నడపడం నేర్పిన మనిషి ఒక శిష్యురాలి చేతిలో పోయాడని అందరూ అనుకున్నారు. ఆ శిష్యురాలు కూడా అదే అనుకుంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

"మొదటి నుంచి చెప్పు," అంది డిటెక్టివ్.

"చెప్పడానికేముంది మేడమ్. నేనే చంపాను."

"అది చివర. నేను మొదలు అడుగుతున్నాను."

ఆ శిష్యురాలు నర్సు. కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, అది ఎవరిదో అన్నట్టు చూస్తోంది. ఇళ్ళకి వెళ్ళి రోగుల్ని చూసుకునే ఉద్యోగం వచ్చిందని, దానికి కారు నడపడం తప్పనిసరి అని నేర్చుకోవడానికి చేరింది. ఇప్పుడు సాయంత్రం స్టేషన్లో వాంగ్మూలం ఇవ్వాలి. నేనే చంపానని అక్కడ అని సంతకం పెడితే ఇక ఇంటికి రాదు.

ఆమె అన్నయ్య టైలరు. డిటెక్టివ్‌ని పిలిపించింది అతనే. ముందుగదే కొట్టు. కుట్టుమిషను వెనక కూర్చుని, కుట్టకుండా, ఊరికే చక్రం తిప్పుతున్నాడు.

"చూశారా! మూడు రోజుల నుంచీ ఇదే పాట. పాలవాడొస్తే వాడికీ ఇదే చెప్పింది. పాలు పొయ్యకుండా పారిపోయాడు."

"అన్నయ్యా, నువ్వు ఊరుకో."

"ఊరుకుంటాను. నువ్వు జైలుకెళ్ళు, నేను ఇక్కడ ఊరుకుని కూర్చుంటాను."

డిటెక్టివ్ కుర్చీ ఇంకాస్త ముందుకి లాక్కుంది. ఆవిడ పొట్టిమనిషి. ఎక్కడ సందు దొరికితే అక్కడ దూరుతుందని పోలీసులు వెనకాల చీమ అంటారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. పొద్దుటి నుంచీ ఆవిడ ఏ కుర్చీలోనూ నిలకడగా కూర్చోలేకపోతోంది. రేపు ఆ కారు తుక్కు కొట్టుకి పోతుంది. పోయాక చూడటానికి ఏమీ ఉండదు.

"కారెక్కగానే ఏం చేశావు?"

"మూడు మాటలు అప్పచెప్పాను. వాన రోజున మాస్టారు అవి చెప్పించుకోకుండా బండి కదలనివ్వరు. లోగాలి మూశాను, ఏసీ వేశాను, గాలిని అద్దం మీదికి మళ్ళించాను."

"లోగాలి అంటే?"

"కార్లో ఉన్న గాలే మళ్ళీ మళ్ళీ తిరగడం. ఇద్దరం ఊపిరి వదుల్తూ ఉంటాం, బట్టలు తడిసి ఉంటాయి. ఆ తేమంతా బయటికి పోయే దారి లేక చల్లటి అద్దానికి పట్టేస్తుంది. అందుకని వానలో లోగాలి వద్దు, బయటిగాలి తెరవమంటారు." కట్టు అంచు సర్దుకుంది. "అనేవారు."

"వానలో చలేస్తుంటే ఏసీ ఎందుకు?"

"నేనూ అలాగే అడిగాను. ఏసీ చల్లబరచడానికే అనుకుంటున్నావా పిచ్చి మొహమా, అది గాలిలో తడిని పిండేస్తుంది, చలేస్తే వేడి బొత్తం తిప్పుకో, ఏసీ మాత్రం ఆపకు, అన్నారు."

"మూడూ చేశావు. ఏసీ బొత్తం మీద దీపం వెలిగిందా?"

"వెలిగింది. నా కళ్ళతో చూశాను."

"అయినా మసక పట్టింది."

"మామూలుగా పట్టలేదు మేడమ్. గోదాముల వీధిలోకి తిరిగేసరికి అద్దం కింది అంచున మొదలైంది. గాలి పెంచమన్నారు. పెంచాను. పెంచిన కొద్దీ ఎక్కువైంది. ఇదేంటమ్మా, మందు వేస్తే జబ్బు పెరుగుతోంది అని నవ్వారు. అప్పటికింకా నవ్వుతూనే ఉన్నారు."

డిటెక్టివ్ కాలు ఆడించడం మానేసింది. "పెంచిన కొద్దీనా? సరిగ్గా గుర్తు తెచ్చుకో."

"పెంచిన కొద్దీనే. దుప్పటి కప్పినట్టు తెల్లగా అయిపోయింది."

"అద్దానికి లోపలి వైపా, బయటి వైపా?"

"లోపలే. మాస్టారు అరచేత్తో తుడిస్తే వేళ్ళ గీతలు పడ్డాయి. పడ్డ చోటే మళ్ళీ మూసుకుపోయింది."

"తర్వాత?"

నర్సు కాళ్ళు కుర్చీ కిందికి లాక్కుంది. మిషను చక్రం ఆగిపోయింది.

"వదిలెయ్ అన్నారు," అంది చివరికి.

"ఏం వదలమన్నారు?"

"కాళ్ళు. ఆ కార్లో ఆయన వైపు కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్చి ఉంటాయి. తను వదిలెయ్ అన్న క్షణం నేర్చుకునేవాళ్ళు కాళ్ళు వెనక్కి లాగెయ్యాలి. ఒక బండిని ఇద్దరు ఆపకూడదు, కంగారులో నువ్వు బ్రేకు బదులు ఇంకోటి తొక్కితే ఇద్దరం పోతాం, అని మొదటి రోజే చెప్పారు. రోజూ ఆడించేవారు కూడా. ఖాళీ రోడ్డు మీద ఉన్నట్టుండి వదిలెయ్ అనేవారు. నేను లాగేసేదాన్ని. బండి మెత్తగా ఆగేది. ఆ రోజూ లాగేశాను. ఆగుతుందనుకున్నాను."

"ఆగలేదు."

"వేగం కూడా తగ్గలేదు. మాస్టారు 'ఇదేంటి' అన్నారు. అంతే. నేను మళ్ళీ కాలు పెట్టేలోపు గోడ వచ్చేసింది. ఆయన మాట వినకుండా ఉంటే..."

"పోలీసులకి చెప్పావా ఇది?"

"చెప్పాను. బండిని చూసిన బ్రేకు ఇన్‌స్పెక్టరు గారు రెండు బ్రేకులూ బ్రహ్మాండంగా ఉన్నాయన్నారట. మాస్టారు అలా అననే లేదేమో, కంగారులో నువ్వు ఊహించుకున్నావేమో అన్నారు పోలీసులు. నిజమేనేమో మేడమ్. నాకే తెలియడం లేదు."

డిటెక్టివ్ లేచింది. "సాయంత్రం నేనే వచ్చి తీసుకెళ్తాను. అందాకా గుమ్మం దాటకు. ఎవరితోనూ ఏమీ అనకు."

"పాలవాడితో కూడా," అన్నాడు అన్నయ్య.

*

ప్రమాదం జరిగిన బళ్ళన్నిటినీ తెచ్చి పడేసే ఆవరణ స్టేషను వెనకాల ఉంది. ఇనప గేటు, లోపల రేకుల కప్పు, దాని కింద ముక్కులు చితికిన కార్లు. మాస్టారి కారు చివర ఉంది. నెత్తిన పసుపు పలక ఇంకా అలాగే ఉంది.

బళ్ళని పరీక్షించి రోడ్డు మీదికి పనికొస్తాయో లేదో చెప్పే అధికారిని జనం బ్రేకు ఇన్‌స్పెక్టరు అంటారు. ఈయన పొడుగ్గా, మడత నలగని తెల్లచొక్కాలో ఉన్నాడు. మెడ పట్టేసిన మనిషిలాగా, ఏది చూడాలన్నా తలంతా తిప్పి చూస్తాడు.

"ఓహో, చీమ వచ్చిందే! ఇక్కడ చక్కెరేం ఒలకలేదు మేడమ్ గారూ."

"తడి ఉన్నా చాలు సార్ మాకు."

"పైనుంచి చెప్పారు కాబట్టి గంట ఇస్తున్నాను. నేనైతే అయిదు నిమిషాలు కూడా ఇవ్వను. ఏముందండీ ఇందులో? నేర్చుకునే పిల్ల. వానలో లోగాలి పెట్టుకుని కూర్చుంది, అద్దం మూసుకుపోయింది, గోడెక్కింది. దీనికో డిటెక్టివు!"

"ఏసీ వేశానంటోంది."

"వేస్తే మసకెందుకు పడుతుందండీ? పోనీ ఏసీ మరీ ఎక్కువ పెట్టిందనుకుందాం. ఉక్కపోతలో అద్దం చల్లబడిపోతే మసక బయటివైపు పడుతుంది. ఒక్కసారి వైపరు వేస్తే పోతుంది. లోపల పడిందంటే ఏసీ వెయ్యలేదనే. ఇంతోటి దానికి పెద్ద చదువులు కావాలా?"

అతను చెప్పినదాంట్లో తప్పు లేదు. ఆవిడని కుదురుగా ఉండనివ్వనిది కూడా అదే. అమ్మాయి చెప్పేదీ నిజమే అనిపిస్తోంది, ఇతను చెప్పేదీ నిజమే. రెండు నిజాలు ఒకే కార్లో కూర్చోవాలంటే మూడోది ఏదో మధ్యలో ఉండాలి.

కాపలావాడు టీ తెచ్చి, ఇన్‌స్పెక్టరు ఎడమ మోచేతి పక్కన ఉన్న డ్రమ్ము మీద పెట్టి, "సార్, టీ" అన్నాడు. ఆయన చెయ్యి విదిలించేసరికి గ్లాసు ఎగిరి పడింది.

"ఇక్కడెవడు పెట్టమన్నాడురా!"

"మీ పక్కనే పెట్టా కద సార్, చెప్పి మరీ..."

"నోర్ముయ్."

డిటెక్టివ్ అప్పటికే కారు బానెట్టు కింద ఉంది. దెబ్బ తగిలింది మాస్టారు కూర్చున్న మూల. ఏసీ యంత్రం రెండో మూల. అక్కడ ఒక్క గీత కూడా లేదు. కానీ ఆ యంత్రానికి కరెంటు తీసుకెళ్ళే తీగ ఊడి వేలాడుతోంది.

"దెబ్బకి ఊడింది," అన్నాడు ఇన్‌స్పెక్టరు వెనక నుంచి.

ఆవిడ తీగ కొసని వెలుతురులో తిప్పి చూసింది. అదురుకి ఊడితే కొస ఉన్న చిన్న కొక్కెం విరగాలి. విరగలేదు. వేలితో నొక్కి తీస్తే తప్ప ఆ కొక్కెం వదలదు. లోపల దీపం వెలుగుతుంది, అమ్మాయి చూస్తుంది, యంత్రం మాత్రం తిరగదు. ఆవిడ ఫోటో తీసుకుంది.

తర్వాత మాస్టారి సీటు. ముందున్న సొరుగు ఊడదీసింది. దాని వెనకాల, కార్లోకి వచ్చే గాలిని వడగట్టే మడతల కాగితం ఉంటుంది. పలచటి పెట్టెలో పలకలాగా కూర్చుంటుంది. అది ఉంది. దుమ్ము పట్టి, పొడిగా, కరకరలాడుతూ ఉంది. దాన్ని బయటికి లాగి ఆ సందులో చెయ్యి పెట్టింది.

వేళ్ళకి చల్లగా తగిలింది. పెట్టె అడుగు ఇంకా తడి. కాగితం మీద నీటి మరక ఒక్కటీ లేదు.

వాన రోజున ఈ కాగితం ఇక్కడ లేదు. దీని చోట్లో నీళ్ళు పీల్చుకున్నది ఇంకేదో ఉంది. ఆవిడ పెట్టె మూల గోటితో గీరింది. పసుపుపచ్చగా, మెత్తగా ఒక ముక్క వచ్చింది. స్పాంజి.

గాలి ఆ తడి స్పాంజిలోంచి దూసుకుని నేరుగా అద్దం మీదికి వెళ్ళింది. ఏసీ లేదు కాబట్టి ఆ తడిని పిండేది లేదు. గాలి పెంచిన కొద్దీ తడి పెరిగింది. మాస్టారు నేర్పిన మందునే ఎవరో విషం చేశారు.

ఆవిడ ఆ ముక్కని రుమాల్లో చుట్టుకుంది.

"అక్కడేం చేస్తున్నారు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆవిడ అతని ఎడమ వైపున, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో నిలబడి, "ఇక్కడున్నాను సార్," అంది. అతను ఉలిక్కిపడ్డాడు.

"అడుగుల చప్పుడు ఉండదు కదా చీమకి," అందావిడ. "మాస్టారి బ్రేకు చూడొచ్చా?"

"చూడండి. నొక్కి మరీ చూడండి."

ఆవిడ చేత్తో నొక్కింది. పక్కన డ్రైవరు బ్రేకు కూడా దానితోపాటే కిందికి దిగింది. రెండింటినీ కలిపే ఇనప కడ్డీ తన పని తాను చేస్తోంది.

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. "ఏమంటారు?"

ఆవిడ నేల మీద వెల్లకిలా పడుకుని, తల పెడళ్ళ కిందికి దూర్చి టార్చి వేసింది. కడ్డీ గోడ దెబ్బకి విల్లులా వంగింది. కొసన అతుకు దగ్గర రెండు రేకులు, వాటి బెజ్జాలు కూడా ఏటవాలుగా సాగిపోయాయి. ఆ బెజ్జాల్లో ఒక ఇనప పిన్ను ఉంది. అదే కడ్డీని పెడలుకి పట్టి ఉంచేది.

పిన్ను నిటారుగా ఉంది. తళతళలాడుతోంది.

చుట్టూ ఉన్న ఇనుమంతా వంకర పోయిన దెబ్బలో ఆ పిన్ను ఒక్కటీ వంగకుండా ఎలా ఉంది? దెబ్బ తగిలినప్పుడు అది అక్కడ లేకపోతేనే. ఎవరో ముందు తీశారు. గోడ కొట్టుకున్న తర్వాత, సాగిన బెజ్జాల్లో కొత్తది దూర్చారు.

ఆవిడ నేల మీదే పడుకుని అడిగింది. "ఈ కారు తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది సార్?"

"నా దగ్గరే. ఆ పూటే బండి ఇక్కడికొచ్చింది. అప్పట్నించీ తాళం నా జేబు దాటలేదు. నాకు తెలియకుండా ఇక్కడ ఈగ కూడా వాలదు."

"మాస్టారు మీకు ముందే తెలుసా?"

"నాకెందుకు తెలుస్తాడు? శవంగానే చూశాను ఆయన మొహం. మీరు లేస్తే మంచిది, గంట అయిపోయింది. ఆ పిల్ల కంగారుపడింది, కాళ్ళాడలేదు, అంతే. ఇప్పుడు కథలల్లుతోంది."

ఆవిడకి కోపం వచ్చింది. కోపంలో మాట జారింది.

"కాళ్ళాడక కాదు సార్, చెప్పారని తీసేసింది. అద్దం ఎలా మూసుకుపోయిందో, గాలి పెంచితే ఏమైందో, మాస్టారు ఏ మాటకి ఏమన్నారో, ఆ అమ్మాయికి అన్నీ గుర్తున్నాయి."

అతను తలంతా ఇటు తిప్పి చూశాడు. "అన్నీనా?" అన్నాడు.

ఆ అడగడం మెత్తగా ఉంది. ఆ మాట తను అనకుండా ఉండాల్సిందని ఆవిడకి గేటు దాటాక తెలిసింది.

*

మాస్టారి ఇంట్లో భోజనాల బల్ల కింద, ఒక కుర్చీ ముందు, గచ్చు ఒకచోట నున్నగా అరిగి ఉంది. డిటెక్టివ్ అటు చూడటం మాస్టారి భార్య గమనించింది.

"అన్నం తింటూ కూడా కాలితో నొక్కుతూ ఉండేవారమ్మా. వీధిలో ఏదైనా బండి గట్టిగా హారను కొడితే చాలు, ఇక్కడ బ్రేకు వేసేవారు. మీరు వెయ్యకపోతే ఆ బండి ఆగదా అని నేను ఎగతాళి చేసేదాన్ని."

"పిన్నిగారూ, ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన సంచి..."

"విప్పలేదు. మీరు విప్పండి. నేను ఇటు చూస్తాను."

ఆవిడ కిటికీ వైపు తిరిగింది. డిటెక్టివ్ సంచిలోంచి కాన్వాసు బూట్లు తీసింది. ఎడమది మామూలుగా ఉంది. కుడిదాని అడుగున పెడలు అచ్చు దిగిపోయింది. ఇనప అంచు రబ్బర్ని రెండుచోట్ల కోసింది. మడమ దగ్గర కుట్లు తెగాయి. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తొక్కితే తప్ప అలా కాదు.

"ఆయన బ్రేకు నొక్కారు పిన్నిగారూ. ప్రాణం పెట్టి నొక్కారు. ఆ అమ్మాయి చెప్పింది నిజమే."

భార్య కిటికీ వైపు నుంచి తిరగలేదు. "ఆ పిల్లకి చెప్పండి. ఆయన మాట విన్నందుకు ఆ పిల్ల మీద నాకు కోపం లేదని చెప్పండి."

"మీరే చెప్పొచ్చు రేపు. ఆ రోజు లోగాలి కూడా మూసే ఉంచింది, ఆయన చెప్పినట్టే."

భార్య ఇటు తిరిగింది. ముఖంలో ఏదో కదిలింది, నవ్వుకి దగ్గరగా. "ఆ మాట మీదాకా వచ్చిందా? అది ఆయన పుట్టించిన మాటమ్మా. ఆ బొత్తానికి ఇంగ్లీషులో ఏదో పెద్ద పేరుంది, నాకూ నోరు తిరగదు. పెద్దాయన ఒకరు నేర్చుకోవడానికొచ్చి ఆ పేరు పలకలేక బాధపడుతుంటే, పోనీ లోగాలి అనండి అన్నారట. ఇక అదే అయిపోయింది. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు తప్ప ఇంకెవరూ అనరు. ఎవరి నోటైనా వినపడితే, అదిగో మనవాడే అని మురిసిపోయేవారు."

డిటెక్టివ్ చేతిలో బూటు అలాగే ఉండిపోయింది.

*వానలో లోగాలి పెట్టుకుని కూర్చుంది.* ఎవరన్నారు ఆ మాట? శవంగానే చూశానన్న మనిషి.

"పిన్నిగారూ, అంతకు ముందు రోజు ఆయన కోసం ఎవరైనా వచ్చారా?"

"సాయంత్రం ఒకతను వచ్చాడు. పాత శిష్యుడట. ఇద్దరూ కార్లో అలా ఓ చుట్టు తిరిగొచ్చారు. ఈయన ఒక్కరే లోపలికొచ్చి మంచినీళ్ళు తాగారు. మొహం అదోలా ఉంది. ఏమయిందంటే, 'పక్కచూపులు లేని మగాణ్ణి చూశానే ఇవాళ' అన్నారు."

"పక్కచూపులా?"

"అబ్బో, అలాంటి మగాళ్ళు కూడా ఉంటారా, మా చెల్లెలి కూతురికి చూడకపోయారా అన్నాను నేను. ఎప్పుడూ నవ్వే మనిషి, నవ్వలేదు. 'వాడిక రోడ్డెక్కకూడదే' అన్నారు. అంత మంచివాడు రోడ్డెక్కకూడదేంటి, ఏం మాటలివి అనుకున్నాను."

ఆయన చెప్పింది మంచితనం గురించి కాదు. డ్రమ్ము మీంచి ఎగిరిపడ్డ టీ గ్లాసు, తలంతా తిప్పి చూడటం, పక్కన నిలబడితే ఉలికిపాటు. ఆ మనిషికి ఎదురుగా ఉన్నదే కనిపిస్తుంది. పక్కనున్నది కనిపించదు. చూపు అంచుల నుంచి మూసుకుపోతోంది, అద్దానికి మసక పట్టినట్టు. పక్క సీట్లో కూర్చుని ఒక్క చుట్టు తిరిగితే మాస్టారికి ఆ సంగతి తెలియకుండా ఎలా ఉంటుంది?

"ఇంకేమన్నారు?"

"'అందరి బళ్ళూ బాగున్నాయో లేదో చెప్పేవాడు, తన కళ్ళు బాగా లేవని చెప్పుకోలేకపోతున్నాడు' అన్నారు. రేపు పాఠం అయ్యాక పెద్దాఫీసుకి వెళ్ళి చెప్పేస్తానని అతనికే ముందు చెప్పారట. ఉద్యోగం పోతుందని బతిమాలాడట."

"అతను అప్పుడెక్కడున్నాడు?"

"కార్లోనే. చాలాసేపు ఒక్కడే కూర్చున్నాడు. నేను వెళ్ళి చూడబోతే ఈయన ఆపారు. 'ఏడుస్తున్నాడేమో, వదిలెయ్' అన్నారు." ఆవిడ వీధి గేటు వైపు చూసింది. "వెళ్ళేటప్పుడు వెనక నుంచే చూశాను. ఎడమ భుజం గేటు రెక్కకి కొట్టుకున్నాడు. కారు కడిగే స్పాంజి కూడా ఆ రోజు నుంచి కనపడటం లేదు. పసుపుపచ్చది. బకెట్లో ఉండేది."

డిటెక్టివ్ అప్పటికే ఫోను తీసింది. టైలరు ఎత్తాడు.

"మేడమ్! నేనే చేద్దామనుకుంటున్నాను. మీరు శ్రమ పడక్కర్లేదు. బ్రేకు ఇన్‌స్పెక్టరు గారు స్వయంగా వచ్చారు. ఎంత మర్యాదస్తుడండీ! వాంగ్మూలానికి ముందు ఒకసారి ఆ గోడ దగ్గర నిలబడి చెబితే అమ్మాయికి తేలిగ్గా ఉంటుందన్నారు. మీకూ చెప్పానన్నారు. తన కార్లోనే ఎక్కించుకెళ్ళారు."

"మీరెందుకు వెళ్ళలేదు?"

"వస్తానన్నాను. ఎక్కువమంది ఎక్కితే అద్దం మసక పడుతుందండీ అన్నారు, నవ్వుతూ." టైలరు గొంతు తగ్గింది. "ఏమయింది మేడమ్? పాపం గుమ్మం దిగుతూ మిషను తగిలి కాలు కూడా కొట్టుకున్నారు. పక్కనే ఉన్నదాన్ని చూసుకోలేదు... మేడమ్?"

ఆవిడ ఫోను పెట్టేసి స్టేషనుకి చేసింది. మోగుతోంది. మోగుతూనే ఉంది. చెవి దగ్గర ఫోను అలాగే పట్టుకుని మెట్లు దిగింది. బయట మళ్ళీ అదే వాన మొదలైంది, చప్పుడు లేకుండా. వెనకాల గుమ్మంలో మాస్టారి భార్య బూటు పట్టుకుని నిలబడింది.

నర్సు ఈసారి పక్క సీట్లో కూర్చుంది. ఆ కార్లో పక్క సీటుకి బ్రేకు లేదు. గోదాముల వీధి వైపు వెళ్తున్న ఆ కారుని ఇంకా ఎవరూ ఆపలేదు.